రెండు కాళ్ళకు ఒక్క లెక్క

గర్భిణికి మర్దన చేయడం కష్టమైన పని కాదు. ఆ గర్భిణి ఇంటివాళ్ళను భరించడమే కష్టం. ఈ మాట రుక్కమ్మ పైకి ఎవరితోనూ అనదు. పుప్పాలగూడ అపార్ట్‌మెంటు గేటు దగ్గర తన ఫోటో తీసి, పందొమ్మిదో అంతస్తు వాళ్ళు ఫోనులో ఒప్పుకునేదాకా ఎండలో నిలబెట్టిన ప్రతిసారీ మాత్రం లోలోపల అనుకుంటుంది. ఆరు వారాలుగా, వారానికి రెండుసార్లు వస్తున్న మనిషి. అయినా ఆ గేటుకు ఆమె ఎప్పుడూ కొత్త మనిషే.

రుక్కమ్మది జనగామ పక్క పల్లె. నగరానికి వచ్చి ప్రసూతి దవాఖానలో పద్నాలుగేళ్ళు ఆయాగా చేసింది. అక్కడ ఫిజియోథెరపీ మేడమ్ ఒకావిడ ఈమె చేతి నేర్పు చూసి, పక్కన నిలబెట్టుకుని పని నేర్పింది. ఎక్కడ చెయ్యి వేయాలో నేర్పడానికి ఆవిడకు నెల పట్టింది. ఎక్కడ వేయకూడదో నేర్పడానికి రెండేళ్ళు పట్టింది. మోకాళ్ళు అరిగి వార్డులో నిలబడలేని రోజు వచ్చాక రుక్కమ్మ ఆ ఉద్యోగం మానుకుంది. ఇప్పుడు ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని, ఈ టవర్లలోని గర్భిణులకూ బాలింతలకూ మర్దన చేస్తోంది.

పందొమ్మిదో అంతస్తులో ఉండేది హరిత. ప్రొద్దుటూరు పిల్ల, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎనిమిదో నెల. ఆరో నెల దాటినప్పటి నుంచీ నడుము నొప్పితో రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లేది. ఆమెను చూసే డాక్టర్ ఉమాశ్రీ అన్నీ పరీక్షించి, తెలిసినవాళ్ళ చేత మెల్లగా మర్దన చేయించుకోవచ్చు అన్నాకే రుక్కమ్మను పిలిచారు. మొదటి రోజు రుక్కమ్మ ఆ పిల్లను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య ఒక దిండు, పొట్ట కింద ఒక దిండు పెట్టి, నడుము మీద అరచేతులతో నిదానంగా రాసింది. పావుగంటకే హరిత నోరు తెరిచి గురక పెట్టింది. లేచాక కళ్ళు తుడుచుకుంటూ, ఇంత నిద్ర పట్టి రెండు వారాలు దాటిందని చెప్పింది. మందూ మాకూ లేకుండా నొప్పి తగ్గుతుంది, కాన్పు భయం కాస్త వదులుతుంది. ఈ పనిలో రుక్కమ్మకు నచ్చేది అదే.

నచ్చనివి ఆ ఇంట్లో ఇద్దరు ఉన్నారు.

ఒకరు హరిత భర్త మధుసూదన్. అతను చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. మర్దన గురించి ఇంటర్నెట్లో దొరికిందల్లా చదివి, పదకొండు నియమాలు అచ్చు వేసి ఫ్రిజ్జు తలుపుకు అంటించాడు. వెల్లకిలా పడుకోబెట్టకూడదు, పొట్ట మీద నొక్కకూడదు, చీలమండల దగ్గర నొక్కకూడదు. అన్నీ నిజాలే. అవన్నీ రుక్కమ్మకు అతను బడికి పోకముందే తెలుసు. మర్దన జరిగినంతసేపూ అతను మూలన లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుని, టైమర్ మోగగానే, "రుక్కమ్మా, ఏడో పాయింట్ అయిందా?" అని అడుగుతాడు.

రెండో మనిషి హరిత తల్లి పార్వతమ్మ. కూతురి కాన్పు కోసం వచ్చి మకాం వేసింది. ఆమెకు అల్లుడి నియమాలు ఒక్కటీ గిట్టవు.

"ఏం మర్దన ఇది, గోడకు సున్నం కొట్టినట్టు పైపైన రాస్తాండావు," అనేది. "నొక్కితే గదా నొప్పి పోయేది. నేను ముగ్గుర్ని కన్నా. మా అమ్మ నన్ను మోకాలు పెట్టి తొక్కింది."

"మీ అమ్మ చేతిల మీరు బతికి బట్టకట్టిన్రు, నాకు గంత ధైర్యం లేదు పెద్దమ్మా," అనేది రుక్కమ్మ.

ఒకరికి ఆమె చేసేది ఎక్కువ, ఇంకొకరికి తక్కువ. ఇద్దరి మధ్యా రుక్కమ్మ అడకత్తెరలో పోకచెక్కలా నలిగేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, ఆ ఇంట్లో చెప్పేవాళ్ళు ఇద్దరు, వినేది ఒక్క రుక్కమ్మే.

ఏడో నెలలో హరిత కాళ్ళకు నీరు పట్టడం మొదలైంది. అది చాలామందికి ఉండేదే. సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయి, పొద్దుటికి తగ్గుతాయి. మధుసూదన్ మాత్రం ఊరుకోలేదు. బట్టలు కుట్టేవాళ్ళ టేపు ఒకటి కొని, రోజూ పొద్దున రెండు పిక్కలూ కొలవడం మొదలుపెట్టాడు. రెండు కొలతలూ కలిపి, సగం చేసి, ఆ ఒక్క అంకెను కంప్యూటర్లో వేసేవాడు. దానికి ఒక గ్రాఫ్ కూడా గీశాడు. ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల లోపు ఉంటే పచ్చరంగు, దాటితే ఎరుపు. ఒకసారి రుక్కమ్మకూ చూపించాడు. ఆమెకు ఆ గీతలు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలన్న సరదా కూడా కలగలేదు. కొలుచుకుంటే కొలుచుకోనీ, టేపుతో ఎవరికీ హాని లేదు కదా అనుకుంది. తర్వాత ఆ మాట తలుచుకుని తనను తానే తిట్టుకుంది.

ప్రొద్దుటూరులో సీమంతం చేశారు. కారులో ఎనిమిది గంటలు పోవడం, ఎనిమిది గంటలు రావడం. వచ్చీ రాగానే హరిత ఆఫీసులో ఏదో రిలీజ్ అంట, నాలుగు రోజులు కుర్చీ దిగలేదు. అన్నం కూడా కంప్యూటర్ ముందుకే తెప్పించుకుంది. ఆ నాలుగు రోజులూ మర్దన వద్దని రుక్కమ్మకు మెసేజ్ పెట్టింది. ఐదో రోజు, గురువారం మధ్యాహ్నం, రమ్మని ఫోన్ చేసింది.

రుక్కమ్మ వెళ్ళేసరికి హరిత మంచం అంచున కూర్చుని ఎడమ పిక్క పట్టుకుని ఉంది.

"రుక్కమ్మా, ఇవాళ నడుము వద్దు. ఈ కాలు చూడు. నిన్నటి నుంచి ఒకటే పీకుతోంది, కండరం పట్టేసింది. నాలుగింటికి కాల్ ఉంది, ఆలోపు కొంచెం పిసికి పెట్టు."

రుక్కమ్మ నేల మీద కూర్చుని, నైటీ అంచు పైకి జరిపి, కాలి మీద అరచెయ్యి ఆనించింది. ఆనించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ కాలు వేడిగా ఉంది. రెండో చెయ్యి కుడికాలి మీద పెట్టింది. అది చల్లగా, మామూలుగా ఉంది. ఎడమ పిక్క బిగిసి, చర్మం మెరుస్తూ, కొంచెం ఎర్రగా ఉంది. రుక్కమ్మ రెండు చేతులూ వెనక్కి తీసుకుని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"బిడ్డా, ఊపిరి మంచిగ ఆడుతున్నదా? ఎదల నొప్పి గిట్ల ఏమన్న ఉన్నదా?"

"అదేం లేదు. కాలే నొప్పి. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఈ కాలు నేను పట్ట. ఇంకెవ్వరు పట్టద్దు. ఇప్పుడే దవాఖానకు పోవాలె."

మూలనున్న మధుసూదన్ తల ఎత్తాడు. వంటింట్లోంచి పార్వతమ్మ వచ్చింది. అంతే, ఇక మొదలైంది. రుక్కమ్మ ఒక మాట చెబితే వాళ్ళు పది చెప్పారు. రెండు కాళ్ళు ఉబ్బితే ఫికర్ లేదనీ, ఒక్కటే ఉబ్బి వేడిగా ఉంటే లోపల నెత్తురు గడ్డ కట్టి ఉండొచ్చనీ, అది నొక్కితే ఊడి ఊపిరితిత్తులకు పోతుందనీ చెప్పింది. మూడుసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే శంఖానికైనా అలుపు ఉండదేమో, రుక్కమ్మకు మాత్రం ఓపిక అయిపోయింది.

"గడ్డలు కట్టే ఛాన్స్ ఉంటే నాకు ముందే తెలిసేది రుక్కమ్మా," అన్నాడు మధుసూదన్ లాప్‌టాప్ తిప్పి చూపిస్తూ. "నేను రోజూ ట్రాక్ చేస్తున్నా. ఇవాళ పొద్దున కూడా కొలిచా. ముప్పై ఏడుంపావు. పోయిన వారం ముప్పై ఆరు. ఒక్క సెంటీమీటర్ పెరిగింది, గ్రీన్‌లోనే ఉంది. ఎలాగూ శనివారం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది కదా."

"శనివారం దాకా ఆగేటిది కాదు సారు."

"నాలుగింటికి కాల్ ఉంది, అది అయ్యాక చూద్దాం," అంది హరిత. ఆ కాలు ఆమెదే, నొప్పీ ఆమెదే, అయినా ఆ పిల్లకు కూడా కాలు కంటే ఆఫీసు కాలే ముఖ్యమైనట్టు మాట్లాడుతుంటే రుక్కమ్మకు తల బాదుకోవాలనిపించింది.

పార్వతమ్మ ఇవేవీ వినడం లేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చింది. "చేతగాకపోతే చేతగాదని చెప్పల్ల. దానికి గడ్డలు, దవాఖాన్లు అని కడుపుతో ఉండే బిడ్డను బెదిరిస్తారా? జరుగు అట్ల. పిసికితే అదే పోతాది."

రుక్కమ్మను పక్కకు నెట్టి, కూతురి కాళ్ళ దగ్గర కూర్చుని, అరచేతిలో నూనె పోసుకుంది. రెండు బొటనవేళ్ళూ పిక్క మీదికి పోయాయి.

రుక్కమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. మర్యాదగా కాదు, గట్టిగా, గాజులు చేతికి గుచ్చుకునేటట్టు పట్టుకుంది. నూనె దుప్పటి మీద ఒలికింది.

పని మీద వచ్చిన మనిషి, ఆ ఇంటి పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. పార్వతమ్మ ముఖం ఎర్రబడింది.

"నా బిడ్డను నేను ముట్టుకుంటే పట్టుకునేదానికి నువ్వెవరు? వదులు."

"వదల. తిడితే తిట్టు, కొడితే కొట్టు. కాలు వదిలిపెడితేనే నేను చెయ్యి వదుల్త."

"రుక్కమ్మా, చాలు," అన్నాడు మధుసూదన్ లేచి. "మీరు బయటికి వెళ్ళండి. ఇది మీ జాబ్ కాదు."

బయటికి వెళ్ళడం సులువే. రుక్కమ్మకు భయం కూడా వేసింది. ఈ టవర్ల వాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఇతను అందులో నాలుగు ముక్కలు రాస్తే చాలు, రేపటి నుంచి గేటు దగ్గర ఆమె ఫోటోకు ఎవరూ ఒప్పుకోరు. ఆ సంగతి తెలిసీ ఆమె కదలలేదు. దవాఖానలో ఉన్నప్పుడు ఒక పిల్ల, తొమ్మిదో నెల, ఇలాంటి కాలుతోనే వచ్చింది. ఇంట్లో రాత్రంతా అందరూ వంతులు వేసుకుని ఆ కాలు పిసికారు. ఆ పిల్ల మంచం దిగి నాలుగడుగులు వేసి, గుండె పట్టుకుని రుక్కమ్మ చేతుల్లోకే ఒరిగింది. రుక్కమ్మ ఆ సంగతి ఇక్కడ చెప్పలేదు. చెబితే అశుభం పలికిందంటారు, అసలు మాట మళ్ళీ గాలికి పోతుంది.

"పోత సారు. ఒక్క పని చేసినంక పోత. గా టేపు తెచ్చి నా ముంగట కొలువు. ఒక్కొక్క కాలు వేరువేరుగ చెప్పు. కలపకు."

"పొద్దున కొలిచానని చెప్పా కదా."

"మల్ల కొలువు. టేపు అరిగిపోదు గద."

ఆమెను పంపించేయడానికి ఇదే దగ్గరి దారి అనుకున్నాడేమో, మధుసూదన్ సొరుగులోంచి టేపు తీశాడు. ముందు కుడికాలు చుట్టాడు. ముప్పై ఐదున్నర. ఎడమకాలు చుట్టాడు. టేపు వదులు చేసి మళ్ళీ చుట్టాడు. మూడోసారి చుట్టాడు.

"ఎంత?" అంది రుక్కమ్మ.

"ముప్పై తొమ్మిది," అన్నాడు.

"పొద్దున ఎంతుండె?"

"ఇంతే ఉంది." అతని గొంతు తగ్గింది. "ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు కదా, నీరు ఆ కాల్లోకి ఎక్కువ దిగుతుందనుకున్నా. అందుకే రెండూ కలిపి యావరేజ్ తీస్తున్నా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే మొండివాళ్ళను రుక్కమ్మ చాలామందిని చూసింది. ఉన్న రెండు కాళ్ళను ఒక్కటి చేసినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"సారు, మీ దొడ్ల రెండెడ్లున్నయ్ అనుకో. ఒకటి మంచిగ నిలవడి గడ్డి తింటున్నది. ఒకటి కాళ్ళు సాపి పడిపోయింది. రెండింటిని కలిపి, సగం సగం కూసున్నయ్, ఏం కాలేదని రాసుకుంటవా? రోజు నీ చేతులతోనే కొలుస్తివి. నీ చేతికి రోజు చెప్తున్నది గా కాలు."

మధుసూదన్ లాప్‌టాప్ వైపు చూశాడు. గీత పచ్చగానే ఉంది. అతను దాన్ని మూసేసి, కారు తాళాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. అవి ఎదురుగా బల్ల మీదే ఉన్నాయి, అయినా కనబడలేదు. రుక్కమ్మే తీసి ఇచ్చింది. పార్వతమ్మ మాత్రం కారు ఎక్కమని పిలిచేదాకా చేతికి నూనెతో అలాగే కింద కూర్చుని ఉంది.

హరిత రుక్కమ్మ చెయ్యి వదల్లేదు, కాబట్టి రుక్కమ్మ కూడా వెళ్ళాల్సి వచ్చింది. పొమ్మన్నవాళ్ళే కారు వెనక తలుపు తీసి ఎక్కమన్నారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్డు మీద కార్లు చీమల బారులా కదులుతుంటే, నాలుగింటి కాల్ వచ్చింది. మధుసూదన్ ఆ ఫోను తీసుకుని ఆపేశాడు. ఆ ఆరు వారాల్లో అతను చేసిన పనుల్లో రుక్కమ్మకు పూర్తిగా నచ్చింది అదొక్కటే.

ఆసుపత్రిలో కాలికి స్కాన్ తీశారు. మోకాలి పైన, పెద్ద రక్తనాళంలో గడ్డ ఉంది. కదలలేదు, ఇంకా పైకి పోలేదు. డాక్టర్ ఉమాశ్రీ అందరినీ వరండాలో నిలబెట్టి చెప్పింది. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇవాళే మొదలుపెట్టాలి, కాన్పు దాకా, కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఇవ్వాలి. బిడ్డకు భయం లేదు. ఎక్కువసేపు కదలకుండా కూర్చున్నవాళ్ళకు, అందులోనూ గర్భిణులకు, ఇలా అవుతుంది. సమయానికే తెచ్చారు.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి," అంది డాక్టరు. "ఈ రెండు రోజుల్లో ఎవరైనా ఆ కాలు గట్టిగా నొక్కారా? ఉబ్బిందని అందరూ చేసే మొదటి పని అదే."

మధుసూదన్ నేలచూపులు చూశాడు. రుక్కమ్మ నోరు విప్పలేదు. తనను పొమ్మన్న ఇంటి గుట్టు తను ఎందుకు విప్పాలి అనుకుంది.

"నేను నొక్కబోయినా," అంది పార్వతమ్మ. "నూనె కూడా పోసుకున్నా. ఈమె నా చెయ్యి పట్టుకునింది. నేను నోటికొచ్చినట్టు అన్నా, అయినా వదల్లేదు." గాజులు దిగబడిన ఎర్రని గుర్తులు ఆమె మణికట్టు మీద ఇంకా ఉన్నాయి. ఆమె వాటిని కొంగుతో కప్పుకుంది.

హరిత ఆరు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చింది. ఆ ఆరు రోజుల్లో మధుసూదన్ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్ద మెసేజ్ పెట్టాడు. రోజూ కొలుచుకోవడం ఎంత అవసరమో, ఎడమ కుడి వేరువేరుగా ఎందుకు రాసుకోవాలో అందులో వివరించాడు. చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎవరో మహానుభావుడు, అసలు కడుపుతో ఉన్నప్పుడు మర్దన చేయించడమే ప్రమాదం అని కింద రాశాడు. మర్నాటికి మూడు ఇళ్ళవాళ్ళు రుక్కమ్మను ఇక రావద్దన్నారు. ఆ గురువారం ఆమె చేసిన గొప్ప పని మర్దన చేయకపోవడమే. ఆ పుణ్యానికి చేసే పని కూడా పోయింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, రుక్కమ్మ ఆ పూట అన్నం కూడా కోపంగానే వండుకుంది.

పది రోజుల తర్వాత హరిత ఫోన్ చేసింది. వీపు, భుజాలు మెల్లగా రాయించుకోవచ్చని, కాళ్ళ జోలికి పోవద్దని డాక్టరు చెప్పిందంట. రుక్కమ్మ ముందు రానంది. తర్వాత వెళ్ళింది. గేటు దగ్గర మళ్ళీ ఫోటో తీశారు. ఫ్రిజ్జు మీద ఇప్పుడు పదిహేడు నియమాలు ఉన్నాయి. మధుసూదన్ ఆమెను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, ఏదో అనబోయి, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అతనికి అంతకంటే చేతకాదని రుక్కమ్మకు తెలుసు. నీళ్ళు తాగింది.

హరిత పక్కకు తిరిగి పడుకుని, గోడ వైపు చూస్తూ చిన్నగా చెప్పింది.

"రుక్కమ్మా, అమ్మ నన్ను ముట్టుకోవడం లేదు. వచ్చినప్పటి నుంచి రోజూ నాకు తల దువ్వేది. ఇప్పుడు దువ్వెన కూడా దూరం నుంచే అందిస్తుంది. నాకు రాత్రిళ్ళు భయమేస్తే పక్కన కూర్చుంటుంది, చెయ్యి మాత్రం వేయదు."

పార్వతమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉంది. మనిషి ఈ పదిహేను రోజుల్లో సగమైంది.

"ఇట్ల రా పెద్దమ్మా," అంది రుక్కమ్మ.

"నేను రాను. నువ్వు చెయ్యి."

"రమ్మంటున్న గద."

"ఈ చేతులతోనే నా బిడ్డను చంపుకునేదాన్ని," అంది పార్వతమ్మ. "ఇంక ఈ చేతులు దాని మీద వేయను. నువ్వు రాకపోయింటే ఏమయ్యేది, ఆలోచించినావా?"

రుక్కమ్మకు జాలి కలిగింది. జాలితోపాటు చిరాకూ ముంచుకొచ్చింది. "ఏం మనుషులో మీరు నాకు సమజ్ గాదు," అంది. "మొన్నటిదాకా మెల్లగ రాస్తే తిట్టినవు. ఇప్పుడు ముట్టనే ముట్టనంటున్నవు. నడిమిట్ల ఉండేటోళ్ళే లేరా మీ ఇంట్ల? చేతులది కాదు తప్పు. కాలు ఏం చెప్తున్నదో ఇనకుండ నొక్కుడు తప్పు. ఇనుకుంటే అయిపాయె. ఇది వీపు. వీపుకు ఏం రోగం లేదు. దానికి నువ్వు కావాలె, నేను కాదు."

లేచి వెళ్ళి, కొంగులోంచి ఆమె కుడిచెయ్యి లాగింది. ఈసారి కూడా మర్యాదగా ఏం కాదు. మంచం దాకా నడిపించుకొచ్చి, ఆ చేతిని హరిత రెండు భుజాల నడుమ పెట్టింది. పైన తన చెయ్యి వేసి ఉంచింది. పార్వతమ్మ వేళ్ళు ముడుచుకుంది.

"నొక్కొద్దా?" అంది పార్వతమ్మ.

"నొక్కకు. ఊరికే పెట్టి ఉంచు. ఆమె ఊపిరి తీస్తుంటే నీ చెయ్యి లేస్తది, వదుల్తుంటే దిగుతది. గంతే పని."

కాసేపటికి వేళ్ళు విప్పి అరచెయ్యి ఆనించింది. రుక్కమ్మ తన చెయ్యి తీసేసింది. పార్వతమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది. హరిత తల తిప్పలేదు, కళ్ళు కూడా తెరవలేదు.

"అమ్మా, కొంచెం పైకి," అంది.

పార్వతమ్మ చెయ్యి కొంచెం పైకి జరిపింది.